చెరువు నీళ్ళు ఎందాకా వస్తాయి?

ఊరిపైన వాగుకు అడ్డంగా కట్ట వేస్తారని కబురు వచ్చింది అనుకోండి. చెరువు వస్తే మంచిదే. బావుల్లో నీళ్ళు ఊరతాయి. కాని కట్టకు పైనున్న చేలు కొన్ని మునుగుతాయి. ఎవరి చేను మునుగుతుంది? ఎవరిది మిగులుతుంది? నోటిమాటతో ఇది తేలదు. కొలవాలి.

చదును నేలను గొలుసుతో కొలుస్తారు. పాత సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. అందులో 100 లింకులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న మడి 10 సెంట్లు. గుట్టలు, వాగులు, ముళ్ళపొదలు ఉన్నచోట గొలుసు లాగడం కష్టం. అక్కడ దుర్భిణితో కొలుస్తారు. ఈ పద్ధతి పేరు టాకియోమెట్రీ. నోరు తిరగని పేరే. లెక్క మాత్రం తేలిక.

మూడు కాళ్ళ స్టాండు మీద దుర్భిణి బిగిస్తారు. ఒక మనిషి దూరంగా వెళ్ళి కొలకర్ర నిలబెడతారు. కర్రమీద మీటర్లు, సెంటీమీటర్ల గుర్తులు ఉంటాయి. దుర్భిణిలో చూస్తే మూడు అడ్డగీతలు కనపడతాయి. పై గీత, నడిమి గీత, కింది గీత. ఏ గీత కర్రమీద ఏ అంకెను తాకిందో సర్వేయరు పుస్తకంలో రాస్తాడు.

పై గీత దగ్గర 1.85 ఉంది. కింది గీత దగ్గర 1.25 ఉంది. తీసివేస్తే 0.60. దాన్ని 100తో హెచ్చవేస్తే 60. అంటే కర్ర 60 మీటర్ల దూరంలో ఉంది. చాలా దుర్భిణులను ఈ 100 లెక్క వచ్చేటట్టే తయారు చేస్తారు.

వాలుమీద ఇంకో లెక్క ఉంది. గోడకు నిచ్చెన ఆనించి చూడండి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు దాని నీడ నిచ్చెనకన్నా పొట్టిగా పడుతుంది. పటంలో గీసేది ఆ నీడ పొడవే. అందుకే దుర్భిణి ఎంత వంగిందో కూడా రాసి, దూరం తగ్గిస్తారు. 10 డిగ్రీలు వంగితే ఆ 60 మీటర్లు సుమారు 58 అవుతాయి.

తప్పు జరిగేది ఎక్కడ? కర్ర దగ్గరే. గాలికో, చెయ్యి నొప్పికో కర్ర ఒరిగితే అంకె మారిపోతుంది. ఒక్క సెంటీమీటరు తేడా వస్తే దూరంలో ఒక మీటరు తేడా వస్తుంది! అంకె సరిగా చదివారా లేదా చూసుకోవడానికి ఒక దారి ఉంది. పై అంకె, కింది అంకె కూడి సగం చెయ్యాలి. 1.85, 1.25 కలిపితే 3.10. సగం 1.55. నడిమి గీత అంకె కూడా అంతే ఉండాలి. లేకపోతే మళ్ళీ చదవాలి.

నడిమి గీత ఎత్తుపల్లాలు కూడా చెబుతుంది. దుర్భిణి సమంగా ఉన్నప్పుడు ఆ అంకె పెరిగితే అక్కడ నేల పల్లం. తగ్గితే మిట్ట. ఇలా ఎన్నో చోట్ల కొలిచి, ఒకే ఎత్తున్న చోట్లను పటంలో గీతతో కలుపుతారు. చెరువు నీళ్ళు అలుగు ఎత్తు దాకా నిలుస్తాయి. కాబట్టి అలుగు ఎత్తున ఉన్న గీతే నీళ్ళ అంచు. గీత లోపలి చేలు మునుగుతాయి.

ఇప్పుడు కొత్త మిషన్లు వచ్చాయి. అవి కాంతిని పంపి దూరం చెబుతాయి. వాటితో కొలిచినా పటంలో ఆ గీత ఉంటుంది. గట్టు తగాదాకు మాత్రం మూడు గీతల లెక్క చాలదు. అంత నిక్కచ్చిగా రాదు. దానికి టేపో గొలుసో పట్టాలి.

ప్రభుత్వం చేను తీసుకోవాలంటే ముందుగా ప్రకటన ఇవ్వాలి. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. పట్టా పాసుపుస్తకం పక్కన పెట్టుకుని వాటిని చదవాలి. తేడా కనిపిస్తే 2013 భూసేకరణ చట్టం ప్రకారం 60 రోజుల లోపల కలెక్టరుకు అభ్యంతరం ఇవ్వవచ్చు. అది కాగితం మీద రాసి ఇవ్వాలి. పట్టా ఆడమనిషి పేరున ఉంటే సంతకం ఆమెదే.