ఒక్క రెక్కకే నలుపు

రంగుల పని చేసేవాణ్ణి గదా, నార్వేలోని స్మోలా దీవి సంగతి వదలకుండా చదివాను. అక్కడి 68 గాలిమరల రెక్కలు తగిలి తెల్లతోక గద్దలు చచ్చిపోతుండేవి. గద్ద చూపు గొప్పదే. కానీ జోరుమీదున్న సీలింగ్ ఫ్యాన్ రెక్కలు మనకు కనబడనట్టే, మర రెక్కల కొసలు దానికి మసకైపోతాయి. పైగా వేటలో ఉన్నప్పుడు దాని చూపంతా నేలమీదే.

2013లో నాలుగు మరలకు, మూడు రెక్కల్లో ఒక్కదానికే నల్లరంగు వేశారు. మూడూ నలుపైతే మళ్లీ అదే మసక! పక్క మరలతో పోలిస్తే పక్షుల చావులు 70 శాతానికి పైగా తగ్గాయి. పరీక్షించింది నాలుగే, అప్పుడే చంకలు గుద్దుకోనక్కర్లేదు. అన్నట్టు, నిలబెట్టిన మరకు తాళ్లమీద వేలాడుతూ రంగెయ్యడం మహా ఖర్చు. బిగించకముందే, ఫ్యాక్టరీలోనే పూసెయ్యాలి.