మారుతి 800కి పెద్ద చక్రాలు వేశాక టైరు ఒరుసుకుంటోందా? ఖాళీ బండితో చూడకండి

ఈ ఎపిసోడ్‌లో మన పాత మారుతి 800 గురించి మాట్లాడుకుందాం. 1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి కస్టమర్‌కి తాళాలు అందిన బండి ఇది. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. అంటే మీ దగ్గరున్న 800 ఎంత కొత్తదైనా పదేళ్లు దాటిపోయింది. పలాస, టెక్కలి వైపు కుర్రాళ్లు దీన్ని తక్కువ రేటుకి కొని, ముందుగా చేసే పని చక్రాలు మార్చడం. 12 ఇంచీల చిన్న చక్రాలు తీసేసి 13 ఇంచీల అల్లాయ్‌లు వేస్తారు. లుక్ బాగుంటుంది, కాదనను. ఆ తర్వాతే గొడవ మొదలవుతుంది. మలుపు తిప్పితే "గర్ర్", గోతిలో పడితే "బర్ర్".

ఈ వీడియోలో మీరు చూస్తున్న బండి మా బావది. వజ్రపుకొత్తూరు వైపు వాళ్ల ఊరు. కొన్నప్పటికే దానికి 13 ఇంచీల అల్లాయ్‌లు, 165/65 టైర్లు ఉన్నాయి. ఖాళీగా తిరిగినన్నాళ్లూ ఏ సౌండూ లేదు. మా అత్తకి డయాలసిస్ మొదలయ్యాక బయటపడింది. ఉద్దానంలో ఉన్నవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. వారానికి మూడుసార్లు పలాస ఆస్పత్రికి వెళ్లి రావాలి. అత్త, తోడుగా ఇద్దరు, ముందు బావ. కల్వర్టు దిగిన ప్రతిసారీ వెనకనుంచి ఆ చప్పుడు. "ఈ కారుకేటో కడుపునొప్పొచ్చినట్టుంది రా" అంది అత్త. బావేమో, "మ్యూజిక్ పెట్టేస్తే వినబడదులే" అన్నాడు.

చూడండి, ఇది సౌండ్ సమస్య కాదు. ఫెండర్ లోపలి రేకు అంచు కత్తిలా ఉంటుంది. అది టైరు పక్కగోడని, అంటే సైడ్‌వాల్‌ని కొంచెం కొంచెంగా కోస్తుంది. టైరు మధ్యలో మేకు దిగితే పంక్చర్ వేయించుకుంటాం. సైడ్‌వాల్ కోసుకుపోతే అతుకు ఉండదు, టైరు పారేయాల్సిందే. అది ఇంటి ముందు పోతే అదృష్టం. నేషనల్ హైవే 16 మీద గ్రానైట్ లారీ పక్కనుంచి వెళ్తున్నప్పుడు పోతే? బావ సౌండ్ తగ్గించడం మానేసి బండి నా దగ్గరికి తెచ్చింది ఈ మాట చెప్పాకే.

మొదటి పని, లెక్క. మీ టైరు మీద ఉన్న నంబర్లు చదవండి. 145/70 R12 అంటే వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 12 ఇంచీలు. పక్కగోడ 101.5, అది పైన ఒకటి, కింద ఒకటి, కలిపి 203. దానికి 12 ఇంచీలు, అంటే 304.8 కలపండి. మొత్తం ఎత్తు దాదాపు 508 మిల్లీమీటర్లు. ఇప్పుడు బావ బండి మీదున్న 165/65 R13 లెక్క వేస్తే 545 దగ్గరకొస్తుంది. 37 మిల్లీమీటర్లు ఎక్కువ. అందులో సగం, అంటే 18 మిల్లీమీటర్లు, టైరు పైకి ఫెండర్ దగ్గరకి జరిగింది. వెడల్పులో 20 పెరిగింది, అటు పది, ఇటు పది. ఇంకా రిమ్ ఆఫ్‌సెట్ అని ఒకటుంది. రిమ్ బోల్టు ముఖం మధ్య గీత నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే నంబరు అది, రిమ్ లోపల ఈటీ అని ఉంటుంది. ఆ నంబరు 15 తగ్గితే చక్రం మొత్తం 15 మిల్లీమీటర్లు బయటికి వచ్చేస్తుంది. మీ బండి కంపెనీ సైజు వేరే ఉండొచ్చు, పాత టైరో మాన్యువలో చూసి ఇదే లెక్క మీ నంబర్లతో వేసుకోండి.

రెండోది, ఎక్కడ తగులుతోందో పట్టుకోవడం. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. షాపులో బండి ఖాళీగా నిలబెట్టి, టైరుకీ ఫెండర్‌కీ మధ్య చెయ్యి దూర్చి, "గ్యాప్ ఉంది అన్నా, ఏం కాదు" అనేస్తారు. 800 బరువు సుమారు 650 కిలోలు. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే 240 కిలోలు, బండి బరువులో మూడో వంతు పైనే. పెద్ద కారుకి నలుగురు ఎక్కడం వేరు, దీనికి వేరు. వెనక సస్పెన్షన్ మొత్తం కుంగిపోతుంది. మేం ఏం చేశామంటే, వెనక సీటు మడిచి ఒక జీడిపిక్కల బస్తా వేశాం, 80 కిలోలు. దాని పక్కన ఒక తమ్ముణ్ణి కూచోబెట్టాం. సుద్దముక్కతో టైరు భుజం మీదా, ఫెండర్ లోపలి అంచు మీదా గట్టిగా రుద్దాం. ఊళ్లో స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా రెండుసార్లు, తర్వాత స్టీరింగ్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి, రివర్స్‌లో కూడా. దిగి టార్చ్ వేసి చూస్తే సుద్ద చెరిగిన చోట తెలిసిపోయింది. వెనక కుడి టైరు ఫెండర్ అంచుకి తగులుతోంది. ముందు ఎడమది పూర్తిగా తిప్పినప్పుడు బంపర్ మూలకి కొంచెం రాసుకుంటోంది.

కుడి వెనకే ఎందుకు? చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో రెండు పక్కలా కొలవండి. మాకు కుడివైపు దాదాపు వేలెడు తక్కువ వచ్చింది. స్ప్రింగ్ దిగిపోయింది. ఇంకా కిందకి దూరి చూస్తే బంప్ స్టాపర్ అనే రబ్బరు ముక్క పొడిపొడి అయిపోయి సగమే ఉంది. సస్పెన్షన్ ఇంతకుమించి కుంగకుండా ఆపేది ఆ రబ్బరే. అది లేకపోతే ఆపే పని టైరు మీద పడుతుంది. సగం కేసుల్లో పెద్ద చక్రం నేరం కన్నా ఈ ముసలి రబ్బర్ల నేరమే ఎక్కువని నా అభిప్రాయం. రెండు వెనక స్ప్రింగులు జతగా మార్చండి, ఒకటే మార్చొద్దు. ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్ ఊగుతున్నాయేమో కూడా చూడండి.

ఇక షార్ట్‌కట్‌లు. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చి బండి ఎత్తు లేపుతారు. ఎత్తు వస్తుంది, కానీ ఆ స్ప్రింగు గట్టిపడి ప్రతి గొయ్యీ నడుముకి తగులుతుంది. డయాలసిస్ చేయించుకుని నీరసంగా పడుకున్న మనిషికి అది న్యాయమా? స్పేసర్లు ఇంకా ఘోరం. లోపల తగులుతున్న చక్రాన్ని బయటికి నెడితే బయట తగులుతుంది. పైగా స్టడ్‌కి నట్టు పట్టే మరలు తగ్గిపోతాయి. 800కి నాలుగు బోల్టులు, 114.3 పీసీడీ. వేరే బండి రిమ్‌కి కొత్త కన్నాలు వేసి ఎక్కించామని ఎవరైనా చెప్తే, ఆ రిమ్ ముట్టుకోకండి.

ఫెండర్ అంచు లోపలికి మడవడం మాత్రం పనికొచ్చే పనే. కానీ సుత్తి పెట్టి కొట్టనివ్వొద్దు. టింకరింగ్ షాపులో హీట్ గన్‌తో పెయింట్ వేడెక్కించి, రోలర్‌తో కొంచెం కొంచెంగా మడవాలి. పెయింట్ పగిలిందో, మనది సముద్రం గాలి. ఉప్పు తేమ దూరి ఆ అంచు కొన్నాళ్లకే తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. అక్కుపల్లి, బారువ వైపు బండ్ల ఫెండర్లు ఒకసారి చూడండి మీకే తెలుస్తుంది. మడిచిన వెంటనే యాంటీ రస్ట్ ప్రైమర్, దాని మీద పెయింట్, లోపల అండర్‌కోటింగ్. ఈ మూడూ చేయనంటే మడవడం వద్దే వద్దు.

బావ బండికి చివరికి ఏం చేశాం? ముందు స్ప్రింగులు, స్టాపర్లు. తర్వాత టైరు సైజు. 155/65 R13 లెక్క వేస్తే 532 వస్తుంది. ఇంతకుముందు కన్నా 13 తక్కువ, కంపెనీ సైజు కన్నా 24 ఎక్కువ. అంటే దాదాపు 4.7 శాతం. సాధారణంగా 3 శాతం దాటొద్దంటారు. "అల్లాయ్‌లు ఉంచుకుని ఇదేసుకోవచ్చు కదా బావా?" అన్నాను నేనే. ఆయన కాసేపు ఆలోచించి, "అత్తని ఎక్కించుకునే బండికి కొలతలో కొంచెం ఎక్కువ తక్కువ ఎందుకురా, పాతవే ఎక్కించేయ్" అన్నాడు. స్టీల్ రిమ్‌లు 12వి కాశీబుగ్గలో సెకండ్ హ్యాండ్‌లో దొరికాయి, టైర్లు కొత్తవి. ఫెండర్ ముట్టుకోనే లేదు. మళ్లీ బస్తా వేసి, సుద్ద రుద్ది చూశాం. గీత చెక్కు చెదరలేదు.

లుక్ కోసం 13 ఉంచుకోవాలనుకునే తమ్ముళ్లకి నేను వద్దని చెప్పను. 155/65, సరైన ఆఫ్‌సెట్, కొత్త స్ప్రింగులు, నలుగురు ఎక్కాక టెస్ట్. టైరు లోడ్ ఇండెక్స్ కూడా చూడండి. 69 అంటే ఒక్కో టైరు 325 కిలోలు మోస్తుంది, 73 అంటే 365. పాత దానికన్నా తక్కువది వేయొద్దు. కాగితాల సంగతీ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ దగ్గర మొదటి ప్రశ్న అక్కడినుంచే రావచ్చు.

స్పీడోమీటర్ కూడా మోసం చేస్తుంది. 508 టైరు స్థానంలో 545ది తిరుగుతుంటే, ముల్లు 60 చూపించినప్పుడు మీరు నిజంగా 64 దాటి వెళ్తున్నారు.

చక్రాలు మార్చిన రోజు నట్లు ఎదురెదురుగా, ఒకటి విడిచి ఒకటి బిగించండి. వంద కిలోమీటర్లు తిరిగాక పానా పెట్టి ఇంకోసారి చూసుకోండి. అల్లాయ్ అయితే తప్పకుండా. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే బండి కింద తుప్పు పని. బావ ఒప్పుకుంటే కెమెరా కిందకి దూర్చి చూపిస్తాను.