కూవం ఒడ్డున ఒక ఆదివారం

మొన్న వేసవి సెలవులలో మా బావగారు పెళ్ళి పని మీద రాజమహేంద్రవరం నుంచి వచ్చారు. కాఫీ తాగుతూ మా అమ్మాయిని "మీ ఊరేదమ్మా?" అని అడిగారు. "చెన్నై" అన్నది. "అది నువ్వుంటున్న ఊరు. మీ ఊరేదని అడుగుతున్నాను" అన్నారాయన. పిల్ల నా మొగం చూచింది. నేను పేపరులోకి చూచాను. ఆయన అంతటితో ఊరుకోక, "ఊరన్నాక ఒక నది ఉండాలోయ్! మీకేముంది, కూవం!" అని నవ్వారు.

మా తాతగారు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పనికి చెన్నపట్నం వచ్చారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, రాజధాని కర్నూలుకు పోయినా ఆయన కదలలేదు. అద్దె ఇళ్ళు మారాయి గాని మేము ఊరు మారలేదు. అందుచేత బావగారి మాట నాకు కొంచెం తగిలింది. "రేపు ఆదివారమే గదా, కూవం వెంబడే ఊరు చూపిస్తాను రండి" అన్నాను.

ముందుగా ఎగ్మూరు మ్యూజియానికి వెళ్ళాము. పూర్వం పల్లెల నుంచి వచ్చిన మనవాళ్ళు దీనిని 'చచ్చిన కాలేజీ' అనీ, జంతుశాలను 'బతికిన కాలేజీ' అనీ అనేవారు. 1851లో పుట్టిన ఈ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలున్నాయి. కృష్ణ ఒడ్డున స్తూపం శిథిలమై పడి ఉండగా, 1845లో వాల్టర్ ఎలియట్ దొర త్రవ్వించి ఆ రాళ్ళను మద్రాసుకు తెప్పించాడు. వాటిలో చాలా రాళ్ళు 1859లో లండనుకు ఓడ ఎక్కాయి. తరువాతి త్రవ్వకాలలో దొరికినవి కూడా ఎన్నో ఇక్కడికి చేరాయి. ఒక గుండ్రని ఫలకంలో నలగిరి ఏనుగు కథ చెక్కారు. ఒక పక్క మదించిన ఏనుగు వీధిలో మనుషులను చిందరవందర చేస్తున్నది. రెండో పక్క అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు వంగింది. మేడ మీది ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. బావగారు దాని ముందు చాలాసేపు నిలబడి, "అమరావతి మాకు దగ్గరే. ఈ ఏనుగును చూడడానికి మాత్రం మీ ఊరు రావలసి వచ్చింది" అన్నారు.

ఆ ఆవరణలోనే 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉన్నది. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరవలసిన నాలుగు గ్రంథాలయాలలో ఇది ఒకటి. తెలుగు పుస్తకాలకూ అదే నియమం.

అక్కడినుంచి చింతాద్రిపేట. కూవం ఇక్కడ వంపు తిరిగి పేటను మూడు వైపుల చుట్టుకున్నది. సుంకు రామ అనే వర్తకుని తోటలో, 1734లో, నేతగాళ్ళ కోసం కట్టిన పేట ఇది. నది ఒడ్డున ముక్కు మూసుకోవలసి వచ్చిన మాట దాచను. నేతగాళ్ళు నూలు తడుపుకోవడానికి నీళ్ళ ఒడ్డు వెదుక్కుంటారు. ఆ నీళ్ళను ఇలా చేసింది ఊరివాళ్ళమైన మనమే.

తరువాత సెంట్ జార్జి కోట. 1639లో ఇంగ్లీషువాళ్ళకు ఈ ఇసుక నేలను ఇచ్చినవారు దామెర్ల నాయకులు. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీదనే చెన్నపట్నం అయిందని చెబుతారు. కోటలో 1680 నాటి సెంట్ మేరీ చర్చి ఉన్నది. క్లైవు పెళ్ళి 1753లో అందులోనే జరిగింది.

సాయంకాలానికి నేపియర్ వంతెన చేరాము. కూవం సముద్రంలో కలిసేది అక్కడే. గాలి బాగా వీస్తున్నది. దగ్గరలోనే నదిలో కలిసే బకింగ్‌హాం కాలువ సంగతి అప్పుడు చెప్పాను. కూవాన్నీ అడయారునూ కలుపుతూ దీని ముక్క ఒకటి 1877-78 కరువులో, కూలి దొరకని జనానికి పనిగా త్రవ్వించారు. ఉత్తరాన ఈ కాలువ పెదగంజాం దాకా పోయి, కొమ్మమూరు కాలువతో కలిసి కృష్ణ చేరుతుంది. బెజవాడ నుంచి ఏలూరు కాలువ గోదావరికి పోతుంది. "అంటే బావగారూ, ఒకప్పుడు మీ ధవళేశ్వరంలో పడవ ఎక్కినవాడు సముద్రం మీదికి పోకుండానే ఈ కూవం దాకా రావచ్చు. బియ్యం, కట్టెలు వచ్చిన దారి అది" అన్నాను. ఇప్పుడు ఆ కాలువలో రైలు వంతెన స్తంభాలు నిలిచి ఉన్నాయి. బావగారు వాటిని చూచి ఏమీ అనలేదు.

మన సంఘం కుటుంబాలు కూడా ఒక రోజు ఇలా తిరిగి రావలెనని నా మనవి. శుక్రవారం పోవద్దు, ఎగ్మూరులోనూ కోటలోనూ మ్యూజియాలకు ఆ రోజు సెలవు. కోటకు పోయేటప్పుడు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. పులిహోర కట్టుకుని పోతే ఖర్చు తక్కువ. చుట్టాలు వస్తే సముద్రమూ, బట్టల కొట్లూ చూపించి పంపడం మనకు అలవాటైపోయింది. ఈ ఊరితో మనకున్న బంధం వాళ్ళకూ తెలియదు, మన పిల్లలకూ తెలియదు.

ఇంటికి వచ్చి బావగారు మంచినీళ్ళు అడిగారు. 1983 ఒప్పందం మీద తెలుగుగంగ త్రవ్వారు. 1996 నుంచి కృష్ణ నీరు శ్రీశైలం, సోమశిల, కండలేరు దాటి పూండి చెరువుకు వస్తున్నది. ఊరి నీళ్ళలో ఆ నీరూ కలుస్తుంది. ఈ సంగతి నేను చెప్పేలోపలే మా అమ్మాయి చెప్పింది, బడిలో చదివిందట.

మర్నాడు సెంట్రల్ స్టేషనులో, రైలు పెట్టెలో కూర్చున్న ఒక పెద్దావిడ మా అమ్మాయిని "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. "చెన్నపట్నమండీ" అన్నది పిల్ల, ఈసారి నా మొగం చూడకుండా. బావగారు కిటికీలోంచి నన్ను పిలిచి, "సంక్రాంతికి మీ అక్కయ్యను తీసుకొస్తానోయ్. ఆ ఏనుగును ఆవిడకూ చూపించాలి" అన్నారు.