పాత రంపం మిషను బేరం



సంతలో ఎద్దును కొనబోయినప్పుడు మీరేం చేస్తారు? కొమ్ములకు పూసిన రంగు చూసి బయానా ఇస్తారా? ఇవ్వరు. నోరు తెరిచి పళ్లు చూస్తారు. నాలుగడుగులు నడిపిస్తారు. వీలైతే కాడి కట్టి చూస్తారు. చెట్లు కోసే పెట్రోలు రంపం, అంటే చెయిన్‌సా, పాతది కొనేటప్పుడు చేయవలసిన పని కూడా ఇదే.

తుపాను వెళ్లిన మరునాడు ఈ మిషను విలువ తెలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం కొబ్బరితోటలు నేలకొరిగాయి. అటువంటి సమయంలో ఏది దొరికితే అది కొనాలనిపించడం సహజం. అయినా ఒక అరగంట ఓపిక పట్టండి.

ముందుగా సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, మీరు రాకముందే దాన్ని నడిపి ఉంచారన్నమాట. చల్లారనివ్వండి. చల్లారిన మిషనును స్టార్టరు తాడు పట్టుకుని పైకెత్తండి. మెల్లగా, ఆగి ఆగి కిందికి దిగితే కంప్రెషను ఉన్నట్టు. బరువుకు జర్రున జారిపోయిందా, లోపల అరిగిపోయినట్టే.

తరువాత సైలెన్సరు మరలు విప్పించి, ఆ రంధ్రంలోంచి టార్చిలైటుతో పిస్టనును చూడండి. ఎద్దు నోరు తెరిచి చూడడమంటే ఇదే! ఇది టూ-స్ట్రోకు ఇంజను. దీనికి వేరే నూనె తొట్టి ఉండదు. పెట్రోలులో కలిపిన నూనే లోపలి భాగాలకు తడి. నేటి మిషన్లకు సాధారణంగా లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోకు నూనె కలుపుతారు; పాతవాటిలో కొన్నిటికి ఇంకా ఎక్కువ కావాలి. ఎవరైనా ఒక్కసారి వట్టి పెట్రోలు పోసి నడిపినా పిస్టను మీద నిలువు గీతలు పడతాయి. అటువంటి గీతలు లోతుగా కనబడితే ఆ బేరం వదులుకోండి.

పిస్టను నున్నగా ఉంటే సైలెన్సరు బిగించి, స్టార్టు చేయమనండి. పది నిమిషాలు నడిపి, ఆపి, వేడి మీదనే మళ్లీ తాడు లాగించండి. చల్లగా ఉన్నప్పుడు లేచి, వేడి మీద మొరాయిస్తే అనుమానించవలసిందే. పట్టీ కొనను ఒక కాగితం మీదికి చూపించి వేగం పెంచితే సన్నని నూనె చార పడాలి. పడకపోతే గొలుసుకు నూనె అందడం లేదు. వేగం తగ్గించినప్పుడు గొలుసు తిరగకుండా నిలిచిపోవాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది గొలుసు బ్రేకు. పట్టీ కొన కొమ్మకు తగిలితే, కన్నుమూసి తెరిచేలోపల మిషను మొహం మీదికి ఎగదన్నుతుంది. అప్పుడు కాపాడేది ఈ బ్రేకే. 1970కి ముందు చేసిన మిషన్లలో చాలావాటికి ఇది లేదు. ఇంజను ఆపించి, తోలు తొడుగు వేసుకుని, ముందున్న అడ్డుపట్టీని ముందుకు నెట్టండి. గొలుసు లాగినా కదలకూడదు. బ్రేకు లేని మిషనును ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, చెయ్యి పోతే తిరిగి రాదు.

గొలుసు మొద్దుబారినా, ప్లగ్గు మాడినా, పెట్రోలు గొట్టం గట్టిపడినా భయపడనక్కరలేదు. ఇథనాలు కలిసిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు త్వరగా చెడుతుంది, మార్చుకుంటే సరిపోతుంది. ఇవి బేరం తగ్గించుకునేందుకు పనికివచ్చే లోపాలు.

చివరిగా ఒక లెక్క. మిషను మీద ఉన్న మోడలు నంబరు రాసుకుని, మీ దగ్గరి పట్నంలోని మెకానిక్కు చూపించండి. విడిభాగాలు దొరుకుతాయా, దొరికితే ఖర్చెంత అవుతుందో అడగండి. అడిగిన ధరకు ఆ ఖర్చు కలపండి. మొత్తం కొత్తదాని ధరలో సగం దాటిందంటే, ఇంకొంచెం కూడబెట్టి కొత్తదే కొనుక్కోవడం మేలు. దాటకపోతే నిశ్చింతగా బయానా ఇవ్వండి.