తగిలిందని ఎవరు చెప్పాలి?

పిల్లలు కర్ర తుపాకులతో దొంగా పోలీసు ఆడుతుంటే ఆట ఎప్పుడూ ఒకచోటే ఆగిపోతుంది. "కాల్చేశాను, నువ్వు చచ్చావ్" అంటాడొకడు. "తగల్లేదు, పక్కనుంచి పోయింది" అంటాడు ఇంకొకడు. రిమోట్‌తో ఎగిరే బుల్లి విమానాల మధ్య గాల్లో పోరు పెట్టాలనుకున్నవాళ్లకీ ఈ తగువే ఎదురైంది.

మొదట దొరికిన పరిష్కారం మోటుది. ప్రతి విమానం తోకకీ పొడవాటి కాగితం రిబ్బను కడతారు. వెనక తరుముకొచ్చిన విమానం తన ప్రొపెల్లర్‌తో దాన్ని కోసేస్తే మార్కు. తెగిన ముక్క అందరి కళ్లముందే గాల్లో కొట్టుకుపోతుంది కాబట్టి వాదనకు చోటు లేదు. కాకపోతే రిబ్బను కోసేంత దగ్గరకు వెళ్లినది రెక్కనో తోకనో కోయకుండా తిరిగొస్తుందన్న పూచీ కూడా లేదు. వారాల తరబడి కూర్చుని చేసుకున్న బొమ్మ రెండు నిమిషాల్లో పీలికలైపోతుంది. అందుకే ఈ పోటీల్లో దిగేవాళ్లు విరిగినా బెంగపడక్కర్లేని చవక విమానాలతోనే వస్తారు.

గుండు లేకుండా దెబ్బను నిరూపించే దారి చూపింది సైన్యం. 1970ల చివర్లో అమెరికా సైన్యం కోసం తయారైన 'మైల్స్' అనే శిక్షణ పరికరంలో తుపాకి గొట్టానికి చిన్న లేజర్ పెట్టె బిగిస్తారు. ఖాళీ తూటా పేలగానే ఆ చప్పుడుకు లేజర్ మెరుస్తుంది. అవతలి సైనికుడి హెల్మెట్ మీదా ఛాతీ పట్టీల మీదా ఉన్న సెన్సర్లకు ఆ వెలుగు తగిలితే కీచుమని మోత మొదలవుతుంది. మోత ఆపాలంటే తన తుపాకి మీది లేజర్ పెట్టె తాళంచెవి తీసి పట్టీలో పెట్టాలి. చెవి తీశాక ఆ పెట్టె పనిచేయదు. చచ్చినవాడు ఇంకా కాలుస్తూ తిరిగే దొంగాటకు అలా కళ్లెం పడింది. హైదరాబాద్‌లో 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ కూడా సైనిక శిక్షణ కోసం ఇలాంటి లేజర్ సిమ్యులేటర్లు తయారుచేస్తోంది.

1980ల మధ్యకల్లా ఈ సూత్రం లేజర్ ట్యాగ్ పేరుతో పిల్లల చేతికి వచ్చింది. 2000ల దశకంలో హాబీజోన్ అనే కంపెనీ దాన్ని విమానాలకెక్కించి, 'సోనిక్ కంబాట్ మాడ్యూల్' పేరుతో అమ్మింది. విమానానికి తగిలించే చిన్న పెట్టె అది. మీట నొక్కితే మరతుపాకి చప్పుడు చేస్తూ కంటికి కనపడని పరారుణ కాంతిని వదులుతుంది. అది అవతలి విమానం పెట్టెకు తగిలితే దాని మోటారు కాసేపు ఆగిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ పెట్టె కంపెనీ సొంత విమానాల్లో ఉండే ప్రత్యేకమైన సాకెట్‌కే సరిపోతుంది. వేరే విమానం ఉన్నవాళ్లు దాన్ని విప్పి తమకు తగ్గట్టు మార్చుకోవాలి, లేదా అదే పని చేసేదాన్ని సొంతంగా కట్టుకోవాలి. రెండోదే తేలిక. దానికి కావలసిన సామాను ఇంతే: టీవీ రిమోట్‌లో ఉండే పరారుణ ఎల్‌ఈడీ, దాని వెలుగును పసిగట్టడానికి టీవీలో ఉండే మూడు కాళ్ల సెన్సర్, వాటి మధ్య లెక్కలు చూసుకోవడానికి ఆర్డుయినో నానో లాంటి చిన్న బోర్డు. లేజర్ జోలికి పోకపోవడం మంచిది. ఊగుతూ తిరుగుతూ ఎగిరేదాని మీద లేజర్ పెడితే అది ఎవరి కంట్లో పడుతుందో చెప్పలేం.

గదిలో చక్కగా పనిచేసిన ఈ ఏర్పాటు ఎండలోకి తేగానే తడబడుతుంది. సూర్యకాంతిలో పరారుణం దండిగా ఉంటుంది. అందుకే రిమోట్ ఎల్‌ఈడీ నిలకడగా వెలగదు, సెకనుకు 38 వేల సార్లు ఆరి వెలుగుతుంది. సెన్సర్ ఆ లయను మాత్రమే పట్టించుకుని, మారకుండా పడే ఎండను వదిలేస్తుంది. అయినా సూర్యుడు నేరుగా కంట్లో పడితే మనిషి లాగే సెన్సర్‌కూ చూపు ఆనదు, అందే దూరం బాగా తగ్గిపోతుంది.

తర్వాతి తలనొప్పి వెలుగు వెడల్పు. ఎక్కువగా వాడే ఒక రకం ఎల్‌ఈడీ కాంతి నడిమి గీతకు అటూ ఇటూ 17 డిగ్రీల మేర విచ్చుకుంటుంది. అంటే 10 మీటర్ల దూరంలో 6 మీటర్ల వెడల్పు, 50 మీటర్లలో 30 మీటర్ల వెడల్పు. ఇక గురి చూడాల్సిన పనేముంది? పైగా అంత పలచబడిన వెలుగు అవతలికి అందదు కూడా. ఎల్‌ఈడీని నల్లటి గొట్టంలో పెట్టి ముందు చిన్న భూతద్దం బిగిస్తే 3 డిగ్రీలకు కుదించవచ్చు. అప్పుడు 50 మీటర్లలో వెడల్పు 5 మీటర్లు. మీటరు రెక్కల విమానానికి అది న్యాయమైన పోరు. అదే 10 మీటర్ల దగ్గర మాత్రం వెలుగు మీటరుకు కాస్త ఎక్కువ. ఎదుటి విమానం సెకనుకు 20 మీటర్ల వేగంతో అడ్డంగా దాటితే ఆ వెలుగులో ఉండేది సెకనులో ఇరవయ్యో వంతు. కొన్ని టీవీ రిమోట్లు వాడే కోడ్ ఒకటి పూర్తిగా చేరడానికి 67 మిల్లీసెకన్లు కావాలి, ఇక్కడున్నది 50. కొట్టింది ఎవరో చెప్పేలోపే విమానం దాటిపోతుంది. కాబట్టి కోడ్‌ను 20 మిల్లీసెకన్లలోపు ముగిసేలా కత్తిరించుకోవాలి. ఎవరి నంబరు వారికుంటే చాలు. తన నంబరును తానే వదిలేయమని బోర్డుకు చెప్పాలి; లేకపోతే సొంత రెక్క మీంచి తిరిగొచ్చిన వెలుగుకు విమానం తనను తానే కూల్చుకుంటుంది.

దెబ్బ తగిలాక ఏం చేయాలన్నది అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన చోటు. రిసీవర్ నుంచి మోటారు వేగం చూసే ఈఎస్‌సీ బోర్డుకు 20 మిల్లీసెకన్లకోసారి ఒక చిన్న పల్స్ వెళ్తుంది. దాని నిడివి 1 మిల్లీసెకను ఉంటే మోటారు ఆగాలని, 2 ఉంటే పూర్తి వేగమని అర్థం. మన బోర్డు ఆ తీగ మధ్యలో కూర్చుంటుంది. మామూలుగా వచ్చిన పల్స్‌ను వచ్చినట్టే పంపి, దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఐదారు సెకన్లు 1 మిల్లీసెకను పల్స్ పంపుతుంది. మోటారు ఆగుతుంది, విమానం జారుతూ కిందికి దిగుతుంది, పైలట్ తేరుకుని మళ్లీ పోరులోకి వస్తాడు. తోక, రెక్కల మీది పలకలను కదిపే సర్వో మోటార్ల తీగలను మాత్రం ముట్టుకోకూడదు. వాటిని కూడా మధ్యలో ఆపితే ఆట ప్రమాదమవుతుంది. ఇంకో చిన్న విషయం: బ్రష్‌లెస్ మోటారు తీగల్లోకి తెచ్చే రొదకు సెన్సర్ లేనిపోని దెబ్బలు లెక్కేస్తుంటుంది. సెన్సర్‌కు వచ్చే కరెంటు దారిలో 100 ఓంల రెసిస్టర్, పక్కనే ఒక చిన్న కెపాసిటర్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

యుద్ధ సామగ్రి ఆటబొమ్మల్లోకి వచ్చిందంటున్నాం గానీ, చరిత్రలో ఎదురు ప్రయాణం కూడా జరిగింది. హాలీవుడ్ నటుడు రెజినాల్డ్ డెన్నీ బొమ్మ విమానాల పిచ్చితో దుకాణం పెట్టి, ఆ అనుభవంతోనే రేడియోప్లేన్ కంపెనీ నడిపాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఫిరంగి దళాలు గురి సాధన చేసింది ఆ కంపెనీ వేల సంఖ్యలో చేసిన రేడియో విమానాల మీదే. అక్కడ పనిచేస్తూ సైనిక ఫొటోగ్రాఫర్ కంట్లో పడిన నోర్మా జీన్ అనే అమ్మాయే తర్వాత మార్లిన్ మన్రో అయింది.

మన డీఆర్‌డీఓ ఒడిశాలోని చాందీపూర్‌లో పరీక్షించిన 'అభ్యాస్' కూడా కొట్టించుకోవడానికే పుట్టిన విమానం. క్షిపణి దానికి ఎంత దూరంలో పోయిందో శబ్దాన్ని బట్టి చెప్పే పరికరం అందులో ఉంటుంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి పరీక్షా కేంద్రంలో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల 'చెస్' తయారుచేసిన లేజర్ ఆయుధం రెక్కల డ్రోన్‌ను కాల్చి పడేసినప్పుడు మాత్రం ఏ పరికరమూ సాక్ష్యం చెప్పనక్కర్లేకపోయింది.

ఇక ఈ ఆటను రంపచోడవరంలో ఆడితే ఎలా ఉంటుందో చూద్దాం. రాజమహేంద్రవరం నుంచి గోకవరం మీదుగా కొండల్లోకి ఎక్కే దారిలో ఉన్న ఈ ఊరి చుట్టుపక్కల ఈ ఆటకు కొన్ని అనుకూలాలు, కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. బల్లపరుపు మైదానంలో సాయంత్రం సూర్యుడు వాలుతూ నేరుగా సెన్సర్‌లోకి కొడతాడు. కొండల మధ్య అలా కాదు. సూర్యుడు పడమటి గట్టు చాటుకు పోయాక కూడా పైన వెలుతురు చాలాసేపు ఉంటుంది. విమానం స్పష్టంగా కనిపిస్తుంది, సెన్సర్ మీద ఎండ పడదు. పంట కోసిన మళ్లు రన్‌వేలవుతాయి. జీడిమామిడి తోటలో పడినదాన్ని చేత్తో అందుకోవచ్చు గానీ, టేకు చెట్టు కొసన ఇరుక్కున్నదాని మీద ఆశ వదులుకోవాల్సిందే.

అసలు ఇబ్బంది చెట్లతో కాదు. 2025 నవంబరులో మావోయిస్టు నేత మాడ్వి హిడ్మా మరణించిన ఘటన జరిగింది ఇదే దారిలో ముందున్న మారేడుమిల్లి అడవిలో. ఇక్కడ గాల్లో గిరికీలు కొట్టేదాన్ని, అందులోనూ 'కంబాట్' పెట్టె తగిలించుకున్నదాన్ని, పోలీసులు బొమ్మగా చూస్తారనుకోవడం అమాయకత్వం. 2021 డ్రోన్ నిబంధనలు చదువు కోసమో సరదా కోసమో కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్ విమానాలకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నాయి. గ్రీన్ జోన్‌లోనైనా అనుమతి లేకుండా 400 అడుగులు దాటకూడదన్నాయి. ఇది కాగితం మీది మాట. ఎగరేసే ముందు స్టేషన్‌కు వెళ్లి బొమ్మ చూపించి, చోటూ వేళా చెప్పి రావడం మాత్రం నిబంధన అడగకపోయినా చేయాల్సిన పని.

ఆట నియమాల్లో కూడా ఒకటి ముందే ఒప్పుకోవాలి. దెబ్బ వెనకనుంచి తగిలితేనే లెక్క. అందుకని సెన్సర్‌ను తోక దగ్గర వెనక్కి చూసేలా పెట్టి, చుట్టూ నల్ల టేపుతో రెండు అంగుళాల గొట్టం కట్టాలి. పక్కనుంచి పడే ఎండ ఆగుతుంది. ముందునుంచి కొట్టిన దెబ్బకు మార్కు రాదు కాబట్టి ఎదురెదురుగా దూసుకొచ్చి గుద్దుకునే పనీ ఎవరూ పెట్టుకోరు.