వేపాకు పసరు తాగితే రోగనిరోధకశక్తి పెరుగుతుందా?

ఈమధ్య ఒక పెద్దాయన కాలిమీద పుండు మానడం లేదని మా ఆసుపత్రికి వచ్చారు. రక్తపరీక్ష చేయిస్తే చక్కెర విపరీతంగా ఉంది. "మాత్రలు వేసుకోవడం లేదా?" అని అడిగాను.

"రెండు నెలలైంది మానేసి. రోజూ పరగడుపున వేపాకు పసరు తాగుతున్నానండీ. దాంట్లో రోగనిరోధకశక్తిని పెంచే పదార్థం ఉందని కలకత్తాలో కనిపెట్టారట కదా!" అన్నారు.

ఆయన విన్నది నిజమే. కాని సగమే విన్నారు. మిగతా సగం మీరు కూడా తెలుసుకోవాలి.

కోల్‌కతాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థలో శాస్త్రజ్ఞులు ఒకే సైజు, ఒకే రంగు ఉన్న ముదురు వేపాకుల్ని ఏరి, నీడన ఎండబెట్టి పొడి చేశారు. ఆకు వయసు మారితే అందులోని పదార్థాల పాళ్లు మారతాయి. అందుకే అంత జాగ్రత్త! ఆ పొడిని ఉప్పు ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, యంత్రంలో గిర్రున తిప్పి, తేటను తీసి, సన్నని పొరల ద్వారా శుద్ధి చేశారు. అలా వేరుచేసిన వాటిలో ముఖ్యమైనది చక్కెరతో ముడిపడిన ఒక మాంసకృత్తు.

క్యాన్సర్ గడ్డలున్న చిట్టెలుకలకు దీన్ని ఇస్తే గడ్డల పెరుగుదల మందగించింది. ఈ పదార్థం క్యాన్సర్ కణాలను తానుగా చంపలేదు. ఒంట్లోని తెల్ల రక్తకణాలను పురికొల్పి వాటిచేత ఆ పని చేయించింది.

మరి మనం పసరు తాగితే? చిట్టెలుకలకు ఇచ్చింది వారానికోసారి చర్మం కింద ఇంజక్షనుగా, 25 మైక్రోగ్రాములు. అంటే గ్రామును పదిలక్షల భాగాలు చేస్తే అందులో 25 భాగాలు! నోటితో తాగితే మాంసకృత్తు కడుపులో పప్పులాగే అరిగిపోతుంది. పైగా పసరులో ఇంకా ఎన్నో పదార్థాలుంటాయి. ఈ మాంసకృత్తు ఇంతవరకు మనుషులకు ఆమోదించిన మందు కాలేదు.

రక్తంలో చక్కెర పెరిగితే తెల్ల రక్తకణాలు సరిగా పనిచేయవు. రోగనిరోధకశక్తి కోసమని మాత్రలు మానేసి, పాపం, ఆ పెద్దాయన ఉన్న శక్తినే పోగొట్టుకున్నారు! ఇన్సులిన్ ఇచ్చి, రోజూ కట్టు కట్టాక పుండు మానింది. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే కాలి వేలు తీయవలసి వచ్చేది.

కొన్ని జాగ్రత్తలు చెబుతాను. చక్కెర మాత్రలతోపాటు వేపపసరు కూడా తాగితే చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. గర్భిణులు పసరు తాగకూడదు. పసిపిల్లలకు వేపనూనె చుక్క కూడా పట్టవద్దు. వేపనూనె తాగించిన పసివాళ్లకు వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి కాలేయం, మెదడు దెబ్బతిన్నాయని 1981లో మలేషియా వైద్యులు వెల్లడించారు.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు తినండి. వేపపుల్లతో పళ్లు తోముకోండి. చెట్టు నీడన హాయిగా కూర్చోండి. పసరు తాగే అలవాటుంటే మాత్రం దాచకుండా మీ డాక్టరుకు చెప్పండి. ఆయన్ను అడగకుండా ఒక్క మాత్ర కూడా మానవద్దు.