ఎవరమ్మాయివమ్మా నువ్వు?

కాకుమానులో కొత్తగా బీమా సఖి అయిన మనిషికి తొలి ఫోన్‌కాల్ ఎందుకంత కష్టం? ఆ తర్వాతి లెక్కేమిటి?

అమ్మకం కోసం తొలిసారి ఫోన్ పట్టుకునేవాళ్ళ బెరుకు మీద ముఖచిత్ర కథనం కావాలి అన్నారు ఎడిటర్‌గారు. ఈ మాట వినగానే ఎవరికైనా మాదాపూర్ కాల్‌సెంటరే గుర్తొస్తుంది. ఏసీ గది, చెవికి హెడ్‌సెట్, తెర మీద స్క్రిప్టు, వెనక నిలబడే టీమ్ లీడరు. అక్కడా గుండె దడదడలాడుతుంది, కాదనను. కానీ అవతలి మనిషి కసురుకుని పెట్టేస్తే అతని మొహం జన్మలో చూడక్కర్లేదు. కాకుమాను లాంటి పల్లెలో ఆ వీలు లేదు. పొద్దున ఫోన్‌లో కాదన్న మనిషి సాయంత్రం పాలకేంద్రం దగ్గర ఎదురవుతాడు, ఆదివారం పెళ్ళి పందిట్లో పక్క వరసలో కూర్చుంటాడు. అందుకే ఈ కథనాన్ని నగరం నుంచి తెచ్చి కొమ్మమూరు కాలువ కింద పల్లెల్లో పెట్టాను.

ఇక్కడ ఇప్పుడు కొత్తగా ఫోన్ పట్టుకుంటున్నది ఆడవాళ్ళు. వాళ్ళ చేతికి ఫోన్ ఇచ్చింది ఎల్‌ఐసీ వారి బీమా సఖి పథకం. 2024 డిసెంబరు 9న హరియాణాలోని పానిపట్‌లో ప్రధానమంత్రి దీన్ని ప్రారంభించారు. మూడేళ్ళలో 2 లక్షల మంది మహిళలను ఏజెంట్లుగా తయారుచేయాలన్నది లక్ష్యం. ఈ పని కోసం ముందేసుకున్న కాగితాలన్నిటిలోకీ నన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టింది ఆ పథకం షరతుల పట్టిక. ఉన్నది కాసిని వరసలే. కానీ ఒక పల్లెటూరి ఇల్లాలి మూడేళ్ళ బతుకు అందులో కనిపిస్తుంది.

పదో తరగతి పాసై, 18 నుంచి 70 ఏళ్ళ లోపు ఉంటే చాలు. మొదటి ఏడాది నెలకు 7,000 రూపాయలు స్టైపెండ్, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000. మూడేళ్ళకూ కలిపితే 2,16,000. పాలసీల మీద కమీషన్ దీనికి అదనం. ఇది జీతం మీద ఇచ్చే ఉద్యోగం కాదని కూడా అక్కడే రాసి ఉంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ కింద మొదటి ఏడాది షరతు: 24 పాలసీలు చేయాలి, బోనస్ కాకుండా 48,000 రూపాయల కమీషన్ రావాలి. రెండో ఏడాదికి ఇంకో షరతు: తొలి ఏడాది చేసిన పాలసీల్లో కనీసం 65 శాతం అమల్లో ఉండాలి. మూడో ఏడాదికీ అదే పద్ధతి.

48,000ను 24తో భాగిస్తే పాలసీకి సగటున 2,000. కమీషన్ 20 శాతం అనుకుంటే ఒక్కో ఇల్లు ఏడాదికి 10,000 ప్రీమియం కట్టాలి. రేటు అటూఇటూ అయితే అంకె మారుతుంది గానీ బరువు మారదు. కౌలుకు చేసుకునే ఇంట్లో 10,000 అంటే మాటలు కాదు. ఆషాఢ శ్రావణాల్లో నాట్లు వేసి, కార్తీకం దాటాక కోతలు కోసి, నూర్చి, ధాన్యం అమ్మి, కౌలు కట్టి, ఎరువుల కొట్టు బాకీ తీర్చాక చేతిలో మిగిలిన దాంట్లోంచి తీయాలి. మాగాణిలో రెండో పంటగా వేసే జొన్నో మొక్కజొన్నో చేతికొచ్చేది ఎండాకాలంలో. డబ్బు ఆడే నెలలు ఏడాదికి మూడో నాలుగో.

24 మంది పేర్లు రాయమంటే మన పల్లెల్లో ఏ ఆడపడుచుకైనా పెద్ద పని కాదు. తోడికోడలు, మేనమామ, పిన్ని కొడుకు, డ్వాక్రా సంఘంలో పక్కన కూర్చునే ఆమె, తాళి కట్టిన రోజున అక్షింతలు వేసినవాళ్ళు. బీమా శిక్షణలోనూ చుట్టపక్కాలతోనే మొదలుపెట్టమంటారు. మొదటి ఏడాది ఆ పేర్ల మీదే నడిచిపోతుంది. రెండో ఏడాదికి చుట్టాలు అయిపోతారు. అసలైన కోల్డ్ కాల్, అంటే ముఖపరిచయం లేని మనిషికి చేసే ఫోన్, అప్పుడు మొదలవుతుంది. స్టైపెండ్ వెయ్యి తగ్గేదీ అప్పుడే. ఎదిగేకొద్దీ కమీషన్ పెరుగుతుంది కాబట్టి ఊతం తగ్గించవచ్చునన్నది లెక్క వేసినవాళ్ళ ఆలోచన కావచ్చు. నాకు అది ఒప్పుదలగా లేదు. పని కష్టమయ్యే ఏడాదే ఊతం నిలబడాలి.

ఇక ఆ ఫోన్ దగ్గరికి వద్దాం. కాకుమానులో ఒక కొత్త సఖి రేటూరులోని ఒక రైతుకు ఫోన్ చేసిందనుకోండి. 25 గంటల శిక్షణ అయింది, 50 ప్రశ్నల పరీక్ష పాసైంది. నామినీ అంటే ఎవరో, సరెండర్ విలువ అంటే ఏమిటో గడగడా చెబుతుంది. అటువైపు రింగు పోతోంది. ఎత్తకపోతే బాగుండునని లోపల మొక్కుకుంటోంది. ఎత్తారు.

"హలో, నమస్కారమండీ. కాకుమాను నుంచండీ, ఎల్‌ఐసీ తరఫున మాట్లాడుతున్నానండీ."

"ఎవరూ?"

"ఎల్‌ఐసీ బీమా సఖినండీ."

"అదికాదమ్మా. ఎవరమ్మాయివి నువ్వు?"

శిక్షణ పుస్తకంలో లేని ప్రశ్న ఇది. తండ్రి పేరు, అత్తగారి ఇంటిపేరు, ఏ బజారు, చెరువుకు ఇటా అటా, అన్నీ చెప్పాలి. చెప్పగానే గొంతు మెత్తబడుతుంది. "ఓహో, వాళ్ళ కోడలివా! మీ మామగారూ నేనూ కలిసి చదువుకున్నాం" అంటారు. అమ్మాయి భయం సగం పోతుంది. కానీ కొత్త చిక్కు అక్కడే పుడుతుంది. ఇప్పుడు ఆయన బాబాయి అయ్యాడు. బాబాయిని డబ్బు అడగడం పరాయివాణ్ణి అడగడం కంటే కష్టం. ఆయనకూ కోడలిని కాదనడం కష్టం. అందుకని ముఖాన వద్దనరు. "ఒడ్లు అమ్ముకోనీ తల్లీ, అప్పుడు చూద్దాం" అంటారు. కొత్త సఖి సంతోషంగా పుస్తకంలో టిక్కు పెట్టుకుంటుంది. నలిగిన ఏజెంటు అయితే "అలాగే బాబాయ్, సంక్రాంతి వెళ్ళాక ఆదివారం ఇంటికొస్తా, పిన్ని కూడా ఉండేట్టు చూడండి" అని రోజు ఖాయం చేసుకుంటుంది. ఫోన్‌లో పాలసీ అమ్ముడుపోదు. ఫోన్‌లో దొరికేది ఇంటికి వెళ్ళే రోజు. ఇది తెలిస్తే తొలి కాల్ బరువు చాలావరకు దిగుతుంది.

మాట తడబడే చోటు ఇంకొకటుంది. బీమా అంటే చావు గురించి మాట్లాడటం. నిండు ఇంట్లో, దీపాలు పెట్టే వేళ, "మీరు పోతే" అని ఏ నోటితో అంటాం? "జరగరానిది ఏదన్నా జరిగితే" అంటారు, అదీ "దేవుడి దయవల్ల ఏమీ కాదు గానీ" అని ముందు చేర్చి. పుస్తకం మాటను ఇంటి మాటగా మార్చుకునేది ఇలాంటి చోటే. శుక్రవారం ఫోన్ చేసి ప్రీమియం మాట ఎత్తకూడదని కూడా పుస్తకం చెప్పదు. లక్ష్మిని గడప దాటించే రోజు కాదది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టనివాళ్ళూ ఉన్నారు.

అడ్డు ప్రశ్నల్లో రెండింటిని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఒకటి: "బ్యాంకులో 436 కట్టాంగా, మళ్ళీ బీమా ఏంటి?" ఆ మాట నిజమే. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా 2015 నుంచి ఉంది. ఏడాదికి 436 రూపాయలు కడితే, మనిషి పోయినప్పుడు కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 50 ఏళ్ళ లోపు చేరాలి, 55 దాటాక వర్తించదు, బతికి ఉంటే తిరిగి ఏమీ రాదు. ఈ తేడా ఓపిగ్గా చెప్పడం సఖి పని. నా మటుకు నేను చేతిలో ఆడేది తక్కువగా ఉన్న కౌలు రైతు ఇంట్లో ముందు ఆ 436 ఆగకుండా చూడమంటాను, ఆ తర్వాతే పెద్ద పాలసీ. 24 పాలసీల షరతు తరుముతున్న మనిషి నోట ఈ సలహా రావడం కష్టమని తెలుసు. అయినా తొలి ఏడాది అలా నిజం చెప్పిన సఖికే రెండో ఏడాది ఆ వీధిలో తలుపు తెరుచుకుంటుంది.

రెండోది: "మొదటి కంతు నువ్వు కట్టుకోమ్మా, తర్వాతవి మేం కడతాం." ఆ కమీషన్ ఎటూ నీకొస్తుందిగా అన్నది వాళ్ళ తర్కం. బీమా చట్టం 1938లోని 41వ సెక్షన్ దీన్ని నిషేధించింది. కమీషన్‌లోంచి కొంత ముట్టజెబుతామని ఆశపెట్టడమూ, పుచ్చుకోవడమూ తప్పే, జరిమానా 10 లక్షల దాకా ఉంది. మొహమాటానికి ఒక ఇంట్లో కంతు కట్టిన సంగతి వీధి చివరికి ముందే చేరుతుంది, ఇక ప్రతి ఇంట్లోనూ అదే అడుగుతారు. ఈ మాటకు జవాబు ఫోన్ ఎత్తకముందే నోటికి వచ్చి ఉండాలి.

కొత్తవాళ్ళకు మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది, అది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి, అనుమతి ఇవ్వనివారికి అమ్మకం కాల్స్ చేయకూడదు. 2025 ఫిబ్రవరి సవరణలతో ఇది ఇంకా బిగిసింది. 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే చాలు, చర్య మొదలవుతుంది. మొదటిసారి 15 రోజులు అవుట్‌గోయింగ్ ఆగిపోతుంది. మళ్ళీ అదే జరిగితే ఆ మనిషి పేరున ఉన్న కనెక్షన్లన్నీ ఏడాదిపాటు పోతాయి. పిల్లల ట్యూషన్ మాస్టారూ, గ్యాస్ బుకింగూ, బ్యాంకు ఓటీపీలూ అన్నీ ఆ ఒక్క నంబరు మీదే నడిచే ఇంట్లో ఈ దెబ్బ ఎంతదో చెప్పనక్కర్లేదు. ఎవరో ఇచ్చిన నంబర్ల జాబితా పట్టుకుని వరసగా కొట్టేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. వినకండమ్మా. సంఘం సమావేశంలోనో, గుడి దగ్గరో ముందు కలిసి, "ఒకసారి ఫోన్ చేయొచ్చా అక్కా?" అని అడిగి చేసిన కాల్ చట్టానికీ నిలుస్తుంది, మర్యాదకూ నిలుస్తుంది.

బీమా మన తీరానికి కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ మొదలైంది. 1956లో 154 స్వదేశీ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు, మొత్తం 245 సంస్థలను కలిపి సెప్టెంబరు 1న ఎల్‌ఐసీని ఏర్పాటు చేశారు. అప్పటి నుంచి పల్లెల్లో బీమా అంటే సైకిల్ మీద వచ్చే ఏజెంటుగారే. మా ఇంటికి వచ్చే ఆయన ముందు మంచినీళ్ళు తాగి, పంట ఎలా ఉందో అడిగి, ఆ తర్వాతే సంచిలోంచి పుస్తకం తీసేవారు. మా నాన్నగారు పోయినప్పుడు క్లెయిము కాగితాలన్నీ ఆయనే నింపి తెచ్చి అమ్మ చేత సంతకాలు పెట్టించారు. ఏజెంట్లంటే నాకున్న అభిమానం అక్కడిదే. ఈ కథనంలో అది కనబడితే కనబడనివ్వండి.

మళ్ళీ ఆ షరతుల పట్టిక దగ్గరికి. 24లో 65 శాతం అంటే 15.6, అంటే కనీసం 16 ఇళ్ళు రెండో ఏడాది కూడా కట్టాలి. మొహమాటానికి రాయించుకున్న చుట్టం పాలసీ ముందు జారిపోయేది ఇక్కడే. మొదటి కాల్ గురించి అందరూ భయపడతారు, కానీ కష్టమైన కాల్ పదకొండు నెలల తర్వాత చేసేది: "బాబాయ్, కంతు వచ్చింది." అప్పుడు పొలం మునిగి ఉండొచ్చు, ఇంట్లో పెళ్ళి కుదిరి ఉండొచ్చు. ఏడాదికోసారి కట్టే ప్రీమియానికి గడువు దాటాక 30 రోజులు వెసులుబాటు ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పాలి. అసలు పాలసీ రాసే నెలే ధాన్యం డబ్బు వచ్చే నెల అయ్యేట్టు చూసుకుంటే కంతు కూడా ఏటా ఆ నెలలోనే పడుతుంది. ఆగస్టులో లక్ష్యం కోసం తొందరపడి రాసిన పాలసీకి ఏటా ఆగస్టులోనే, అంటే నాట్ల కూలీలకు డబ్బు వెతుక్కునే వేళే, ప్రీమియం కట్టాల్సి వస్తుంది.

పెట్టె కథనం: ఫోన్ మీకే వస్తే

తెలియని నంబరు ఎత్తాలంటే ఇప్పుడు అందరికీ భయమే, డిజిటల్ అరెస్టు మోసాలు ఆ స్థితికి తెచ్చాయి. అమ్మకం కాల్స్ వద్దనుకుంటే 1909కు ఫోన్ చేసి నమోదు చేసుకోవచ్చు. వద్దన్నా వచ్చిన కాల్ మీద 7 రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. నమోదైన టెలిమార్కెటర్ల నంబర్లు 140తో మొదలవుతాయి. బ్యాంకులు, బీమా సంస్థలు తమ ఖాతాదారులకు చేసే సేవా కాల్స్‌కు 1600 వరస కేటాయించారు. పాలసీ కాగితం చేతికి అందాక 30 రోజుల్లోపు నచ్చలేదని వెనక్కి ఇచ్చేయవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, ఎవరైనా అడిగితే కట్టకండి. ఓటీపీ అడిగినవాడు ఏజెంటు కాదు. డబ్బు పోయిందని తెలియగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

పెట్టె కథనం: ఫిలడెల్ఫియా సైకిల్

అమెరికాలో ఫ్రాంక్ బెట్జర్ అనే బేస్‌బాల్ ఆటగాడు చేతికి దెబ్బ తగిలి ఆట మానేసి, ఫిలడెల్ఫియాలో ఫర్నిచర్ కొట్టు కంతులు వసూలు చేస్తూ రెండేళ్ళు సైకిల్ తొక్కాడు. 29 ఏళ్ళకు జీవిత బీమా అమ్మకంలోకి వచ్చాడు. మనుషుల ముందు మాట పెగిలేది కాదు. 1947లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన చెప్పిన లెక్క ఇది: ఏ కాల్‌కు ఏమైందో పుస్తకంలో రాసుకుంటూ పోతే, అమ్మకాల్లో 70 శాతం మొదటి భేటీలో, 23 శాతం రెండో భేటీలో, 7 శాతం మాత్రమే ఆ తర్వాత తేలినట్టు కనబడింది. ఆ 7 శాతం కోసం తన కాలంలో సగం పోతోందని గ్రహించి, రెండో భేటీ తర్వాత వెంటపడటం మానేశాడు. కాల్ ఒక్కింటికి 2.80 డాలర్లున్న రాబడి 4.27కు చేరింది. రాసుకునే అలవాటును కొత్త సఖులు తప్పకుండా తీసుకోవాలి. రెండుసార్లతో ఆపేసే పద్ధతి మాత్రం కాకుమానుకు సరిపడదు. నాట్లప్పుడోసారి, కోతలప్పుడోసారి అడిగి వదిలేస్తే, ధాన్యం డబ్బు చేతికొచ్చే జనవరిలో ఆ ఇంటికి వెళ్ళి పాలసీ రాయించుకునేది మరో ఏజెంటు.